మరియు వీధివారు

"అంకుల్ ఎవరు?" అని అడుగుతూ వచ్చింది ఆ మెయిలు.

విజయనగరంలో నేను పనిచేసే కాలేజీలో కంప్యూటర్ ల్యాబు బాధ్యత నాది. ఆ మధ్యాహ్నం పిల్లలకు పరీక్ష జరుగుతోంది. వెనక కుర్చీలో కూర్చుని, ఎవరూ పక్కవాడి తెరలోకి చూడకుండా కాపలా కాస్తూ మెయిల్ తెరిచాను. రాసినాయన ఏ దేశంలో ఉంటాడో నాకు సరిగ్గా తెలియదు. ఆయన ముఖం చూడలేదు, గొంతు వినలేదు. చిన్న లైబ్రరీలు తమ పుస్తకాల జాబితా, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో ఆ వివరం కంప్యూటర్లో పెట్టుకోవడానికి ఒక ప్రోగ్రాం ఉంది. ఓపెన్ సోర్స్ అంటారే, ఆ రకం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. నాలుగైదు దేశాల వాళ్ళు తీరిక వేళల్లో కలిసి చేసే పని అది. ఆయన దానికి పెద్ద. ఆ ప్రోగ్రాం ఎలా వాడాలో చెప్పే తెలుగు పుస్తకం నా వంతు.

మెయిల్లో ఆయన రాసింది ఇది. నాలుగో అధ్యాయంలో కొత్త ముక్క నెట్లో ఎక్కించిన ప్రతిసారీ నేను పక్కన ఒక గమనిక పెట్టాను, 'అంకుల్ పంపిన జవాబులు' అని. అలాంటి గమనికలు ఏడు ఉన్నాయట. కానీ నేను సంతకం చేసి పంపిన ఫారంలో పుస్తకమంతా నా సొంత రచనే అని ఉంది. ఆ ఫారంలో అంకుల్ లేడు. ఆయనెవరో చెప్పి, ఆయన సంతకం తెప్పించండి, నెలాఖరుకి కొత్త విడుదల ఉంది, ఆలోగా రాకపోతే ఆ అధ్యాయం తీసేస్తాం అన్నాడు.

నాకు ముందొచ్చింది కోపమే. నా స్వభావం అంత. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి అనుకున్నాను. రెండేళ్ళుగా జీతం లేకుండా చాకిరీ చేస్తుంటే, మెచ్చుకోకపోగా మా మావయ్యను నిలదీస్తాడా అనుకున్నాను. ఆ కోపం చల్లారేలోపు పరీక్షలో ఇద్దరు పిల్లలు హాయిగా ఒకరి తెర ఒకరు చూసుకుని రాసేసుకున్నారు.

ఇంటికెళ్ళి ఆ ఫారం వెతికి తీశాను. రెండేళ్ళ కింద సంతకం పెట్టిన కాగితాన్ని ఆ రోజే మొదటిసారి చదివాను.

దాన్లో చెప్పే విషయం చిన్నదే. రాసింది అందరికీ ఇచ్చెయ్యాలంటే రాసినవాళ్ళే ఇవ్వాలి. ఇది నేను స్వయంగా రాసింది, దీన్ని ఇచ్చే హక్కు నాకుంది, అందరూ వాడుకోవడానికీ మార్చుకోవడానికీ ఇస్తున్నాను, అని ప్రతి ఒక్కరూ విడివిడిగా సంతకం పెట్టాలి. నేను ఒక్కదాన్నే అందరి తరఫునా పెట్టేశాను. కావాలని చేసింది కాదు. మా వీధికి కుళాయి రావాలన్నా, దీపం వెలగాలన్నా ఎవరో ఒకరు అర్జీ రాసి, కింద తమ పేరు పెట్టి, దాని పక్కన 'మరియు వీధివారు' అని రాస్తారు. అక్కడితో అందరూ పెట్టినట్టే. ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగితే, మా మీద నమ్మకం లేదా అని చిన్నబుచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. నా బుర్రలో సంతకమంటే అదే. ఇక్కడ 'మరియు వీధివారు' అని కూడా రాయలేదు.

ఇంతకీ అంకుల్ అంటే మా అమ్మకి అన్న. నెల్లిమర్లలో ఉంటాడు. జూట్ మిల్లులో టైమాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత తన ఇంటి ముందు గదిలో లైబ్రరీ పెట్టాడు. పెద్ద తుఫానుకి ఆ గది కప్పు లేచిపోయి రిజిస్టర్లన్నీ నానిపోయాయి. సిరా కరిగి ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో ఒక్క పేరూ తెలియకుండా పోయింది. ఆ మరుసటి ఏడు మా ల్యాబులో తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి తీసుకెళ్ళి ఈ ప్రోగ్రాం వేసి ఇచ్చాను. కొన్నాళ్ళకి ఆయన దగ్గర్నుంచి రూళ్ళ కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో ప్రశ్నలూ జవాబులూ రావడం మొదలైంది. పేరు తప్పు పడితే ఎలా దిద్దాలి, ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే ఎలా చూపాలి, కొత్త సంవత్సరం ఎలా మొదలుపెట్టాలి. నేను వాటిని టైపు చేసి నాలుగో అధ్యాయంగా ఎక్కించాను. మిగతా అధ్యాయాలు నేను రాసినవే, ఎవరూ చదవరు. నాకొచ్చే ఫోన్లన్నీ నాలుగో అధ్యాయం గురించే.

ఒక ఫోన్ మాత్రం నాకు నచ్చలేదు. పార్వతీపురం వైపు ఒక బళ్ళో లైబ్రరీ చూసే మాస్టారు చేశారు. కొత్త సంవత్సరం మొదలుపెట్టగానే పుస్తకాలు తీసుకున్న పిల్లల పేర్లన్నీ పోయాయన్నారు. పుస్తకంలో ఉన్నట్టే చేశానండీ అన్నారు. పుస్తకంలో ఉన్నట్టు చేస్తే పోవు, మీరే ఏదో నొక్కి ఉంటారు అన్నాను. అయ్యుంటుందండీ అని పెట్టేశారు.

మర్నాడు కాలేజీ అవగానే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి నెల్లిమర్ల వెళ్ళాను. సంచిలో ఇంగ్లీషు ఫారం ఉంది. ఐదు నిమిషాల పని, ఆ బస్సుకే తిరిగి వచ్చేస్తాను అనుకున్నాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫారం అటూ ఇటూ తిప్పాడు.

"ఏటే ఇది?"

"ఏం లేదు మావయ్యా, ఊరికే సంతకం."

"ఊరికే అయితే ఎందుకే పెట్టడం? తెలుగులో రాసి తే. సదివి పెడతాను."

వాదించాను. ముప్ఫై ఏళ్ళు మిల్లులో లోపలికి వచ్చే ప్రతి మనిషి పేరూ వేళా రాసిన మనిషితో వాదించి గెలవలేమని నాకు తెలియాల్సింది. ఆయన ఫారం మడిచి నా సంచిలో పెట్టి, అత్తయ్య చేత టీ పెట్టించాడు.

మూడు రోజులు కూర్చుని తెలుగు చేశాను. రాయడం నాకొచ్చు కదా, ఏముందిలే అనుకున్నాను. ఫారం మాట తెలుగులోకి దింపేసరికి నా చెయ్యి దానంతట అదే దస్తావేజు భాషలోకి వెళ్ళిపోయింది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా' అని మొదలుపెట్టి, 'నా యొక్క సర్వహక్కులను' దాకా వెళ్ళాను. నాకు బాగానే ఉందనిపించింది.

మళ్ళీ నెల్లిమర్ల వెళ్ళాను. మావయ్య మొదటి రెండు వాక్యాలు పైకి చదివి కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇది పొలం రాసిచ్చినట్టు ఉన్నాది. నాకు పొలం లేదు. మామూలుగా సెప్పు, నేనేటి ఒప్పుకుంటన్నాను?"

ఇద్దరం బల్లకి చెరో వైపు కూర్చున్నాం. ఒక్కో వాక్యం నేను నోటితో చెప్పడం, ఆయన కాదని మార్చడం. పేజీన్నర కాస్తా ఐదు వాక్యాలయింది. ఇంత తేలిక మాటలకి మూడు రోజులు కుస్తీ పట్టానా అని నాకే సిగ్గేసింది. మొదటి వాక్యం 'ఇది నేనే స్వయంగా రాశాను' అని తేలింది. మావయ్య పెన్ను మూత తీశాడు. ఆ వాక్యం ఇంకోసారి చదివాడు. మూత పెట్టేశాడు.

"ఇది అబద్ధం."

"నీ చేతిరాతే కదా మావయ్యా. కాగితాలు నా బీరువాలో ఉన్నాయి."

"సెయ్యి నాదే. జవాబులు నావి కావు. నాకు డౌటు వచ్చినప్పుడల్లా కోటబొమ్మాళి సెల్లికి ఫోన్ సేసీవోడిని. ఆవిడ సెప్పీది, నేను రాసుకునీవోడిని. ప్రశ్నలే నావి."

కోటబొమ్మాళి చెల్లి అంటే సొంత చెల్లి కాదు. ఆ ఊరి చర్చి లైబ్రరీ చూసే ఆవిడ. ఒకసారి నేనే లైబ్రరీల వాళ్ళకి మా ల్యాబులో ఒక రోజు క్లాసు పెట్టాను. ఆ రోజు నాలుగే కంప్యూటర్లు పనిచేశాయి. ఆవిడా మావయ్యా ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్ళయ్యారు. హాజరు కాగితంలో ఆవిడ సంతకం ఉండే ఉంటుంది. నాకు ఆవిడ ముఖం కూడా గుర్తు లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావేటి?"

అడగలేదు. కాగితాలు వచ్చాయి, ఎక్కించాను, మెచ్చుకున్నవాళ్ళకి చిరునవ్వు నవ్వాను. ఆయన పెట్టనన్న అబద్ధపు సంతకం నేను పుస్తకం మొత్తానికీ పెట్టి రెండేళ్ళయింది. అది కూడా ఆయనకి చెప్పాను, ఎందుకంటే ఇక దాచడానికి ఓపిక లేదు. మావయ్య కళ్ళజోడు తీసేశాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం సేసినట్టు సేసినావు."

నాకు రోషం వచ్చింది. "నువ్వు రాయలేదా అర్జీలు? మీ వీధి బోరింగుకి, డ్రైనేజీకి? ఒక్కడివే సంతకం పెట్టి 'మరియు వీధివారు' అని రాసేవాడివి కాదా? ఎవరిని అడిగావు?"

ఆయనకి కోపం రాలేదు. నిజంగానే ఆలోచించాడు.

"అర్జీలో అడుగుతాం పిల్లా. అడిగినప్పుడు అందరి తరఫునా ఒకడు అడగొచ్చు. ఇక్కడ ఇస్తన్నాం. ఇచ్చినప్పుడు ఎవలిది వాళ్ళే ఇవ్వాల."

ఆ ఐదు వాక్యాల కాగితం సంచిలో పెట్టుకున్నాను. నెలాఖరుకి ఎనిమిది రోజులున్నాయి.

ఆదివారం పొద్దున్నే పలాస వెళ్ళే పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది కానీ బయటికి చూసే మనసు లేదు. ఆవిడ ఏమంటుందోనని ఒకటే భయం. నా జవాబులు నీ పేరు మీద వేసుకున్నావా అంటే ఏం చెప్పాలి? వద్దు, నావి తీసెయ్యి అంటే? అలా అనే హక్కు ఆవిడకి పూర్తిగా ఉంది. అప్పుడు నాలుగో అధ్యాయం పోతుంది. ఆ పుస్తకంలో పనికొచ్చేది అదొక్కటే. ఆమదాలవలస దాటేదాకా ఎన్ని రకాలుగా మాట మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

చర్చిలో ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. పక్క గదే లైబ్రరీ. ఆవిడకి నలభై పైనే ఉంటాయి. మావయ్య ముందే ఫోన్ చేసి నేను వస్తున్నానని చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. "వందనాలమ్మా, రండి" అని కుర్చీ వేసింది. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరట. తల్లి ఇప్పటికీ ఆ ఊరి నుంచి చేపలు తెచ్చి ఈ సంతలో అమ్ముతుందని, తను పదో తరగతి దాకా చదివిందని, మంచినీళ్ళు ఇస్తూ చెప్పింది. రైల్లో అనుకున్న మాటలన్నీ మరిచిపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మీ జవాబులు మీకు చెప్పకుండా పుస్తకంలో వేశాను, అన్నీ నేనే రాశానని సంతకం పెట్టాను, తప్పయింది అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది.

"ఏదీ ఆ పుస్తకం? సూపించండి."

ఆవిడ ఆ పుస్తకం ఎప్పుడూ చూడలేదు. అక్కడ నెట్ లేదు. క్లాసులో కొంత నేర్చుకుని, తనే ఒక్కో మీట నొక్కి చూసి మిగతాది పట్టుకుంది. నేను అచ్చు తీసి తెచ్చిన కాగితాలు ఇచ్చాను. వేలు పెట్టి వరస తప్పకుండా చదువుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది, "ఇది నేను సెప్పిన మాటే" అని. ఇంకో పేజీ తిప్పి, అక్కడ ఆగింది.

"దీనికింద నా పేరు పెడతానంటే నేను ఒప్పుకోనమ్మా."

"ఎందుకక్కా?"

"తప్పు రాసినారు. కొత్త సంవత్సరం కాడ సూడండి. ముందు పాత పేర్లన్నీ కాపీ తీసి దాసుకోవాల, తర్వాత కొత్త సంవత్సరం నొక్కాల. ఇక్కడ తిరగేసి ఉన్నాది. ఇలగ సేస్తే ఎవలు ఏ పుస్తకం పట్టికెళ్ళినారో మొత్తం పోతాది. కాపీ తీస్తే ఖాళీది వస్తాది."

అక్కడి కంప్యూటర్లోనే రెండు దొంగ పేర్లు రాసి, పుస్తకంలో ఉన్నట్టు చేసి చూశాం. రెండు పేర్లూ పోయాయి. నాకు పార్వతీపురం మాస్టారి గొంతు గుర్తొచ్చింది. అయ్యుంటుందండీ అన్నారాయన. ఆ గదిలో కుర్చీలో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను.

మావయ్యకి ఫోన్ కలిపింది ఆవిడ. "అన్నయ్యా, కొత్త సంవత్సరం తిరగేసి రాసినావేటి?" అంది. తర్వాత తేలింది ఏమిటంటే, ఆయన తను రాసి పంపిన జవాబులు ఏనాడూ మళ్ళీ తెరిచి చూడలేదు. ప్రతి జనవరిలోనూ ఆవిడకే ఫోన్ చేసి, ఆవిడ చెబుతుంటే ఒక్కోటి నొక్కుతాడు. అందుకే ఆయన లైబ్రరీలో పేర్లు ఎప్పుడూ పోలేదు. ముగ్గురం నవ్వుకున్నాం. ఎన్ని రోజుల తర్వాతో నవ్వాను.

మధ్యాహ్నం దాకా కూర్చుని నాలుగో అధ్యాయమంతా మొదట్నుంచీ సరిచూశాం. ఇంకో రెండు చిన్న తప్పులు దొరికాయి. అప్పుడు ఫారం తీసుకుంది. మావయ్యా నేనూ రాసిన ఐదు వాక్యాల్లో మొదటిది కొట్టేసి, 'నాలుగో అధ్యాయంలో జవాబులు చెప్పింది నేను' అని రాయించింది. అన్నయ్య పేరు కూడా ఉండాలంది. "ఆయన అడక్కపోతే నాకు తెలిసీదే కాదు" అంది. అప్పుడు సంతకం పెట్టింది.

తిరుగు రైల్లో నిద్రపోయాను. అంత నిశ్చింతగా ఆ నెలలో నిద్రపోలేదు.

ఆ మంగళవారం మావయ్య 'ప్రశ్నలు అడిగి, విన్నది రాసింది నేను' అని రాసి సంతకం పెట్టాడు. పక్కన బ్రాకెట్లో 'ఒకచోట తప్పుగా' అని చేర్చబోతే నేనే ఆపాను. ఇక మిగిలింది నా సంగతి. ఆ ప్రోగ్రాం పెద్దకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. మొదట రాసింది పేజీ పొడుగుంది, మా ఊళ్ళో అర్జీలు ఎలా రాస్తారో అంతా వివరించాను. చెరిపేశాను. రెండోసారి కూడా సాకులే వచ్చాయి. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. నేను ఫారం చదవకుండా సంతకం చేశాను. నాలుగో అధ్యాయం నాది కాదు. ఇద్దరిది. వాళ్ళ సంతకాలు జత చేస్తున్నాను.

రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ ల్యాబులో పిల్లల మీద ఊరికే అరిచాను. మూడో రోజు వచ్చింది. అంకుల్ దొరికినందుకు సంతోషం అని మొదలుపెట్టాడు. అధ్యాయం ఉంటుందన్నాడు. మీ ఫారం కూడా సరిచేసి మళ్ళీ పంపండి అన్నాడు. ఇలాంటి ప్రశ్న అడిగితే చాలామంది జవాబే ఇవ్వరు, మీరిచ్చారు, అంతే చాలు అన్నాడు. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి అనుకున్నాను ఆయన్ని. కళ్ళు తుడుచుకుంటుంటే పిల్లలు చూస్తున్నారని కిటికీ వైపు తిరిగాను.

నా కొత్త ఫారంలో, నావి మిగతా ఐదు అధ్యాయాలే అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ చదవని ఐదు అధ్యాయాలు. మొదటి ఫారంలో కంటే నా వాటా ఎంత తగ్గిందో, అంత హాయిగా ఉంది నాకు. కొత్త విడుదలలో మా పుస్తకం మొదటి పేజీలో మూడు పేర్లు వచ్చాయి, నాది మూడోది.

అయినా ఒక పని మిగిలిపోయింది. పాత ఫోన్ల జాబితాలో వెతికి పార్వతీపురం మాస్టారికి ఫోన్ చేశాను. నేనెవరో చెబితే వెంటనే గుర్తుపట్టారు.

"మాస్టారూ, ఆ రోజు మీరు ఏమీ తప్పు నొక్కలేదండి. పుస్తకంలోనే తప్పుంది. మీరు పుస్తకంలో ఉన్నట్టే చేశారు. నేనే చూసుకోకుండా మిమ్మల్ని అన్నాను."

"నిజమేనా మేడమ్?" అన్నారు. "ఆ రోజు నుంచి నేను కంప్యూటర్ ముట్టుకోలేదండి. పిల్లల పేర్లన్నీ పోగొట్టీసినానని, నాకిది రాదని, బట్ట కప్పీసి ఉంచినాను."

"తీసెయ్యండి మాస్టారూ. మీకొచ్చు."

మరి ఈ తప్పు ఎవరు పట్టుకున్నారండీ అని అడిగారు.

ఆవిడ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను.